పాత బత్తాయి తోట తీసిన చోట కొత్త మొక్క ఎదుగుతలేదు, "నేల అలిసిపోయింది" అంటే అసలు ఏంది?

బత్తాయి_బిడ్డ
అందరికీ నమస్తే. మాది నల్లగొండ దిక్కు, ఎర్ర చెల్క. మా నాయిన పెట్టిన బత్తాయి తోట 4 ఎకరాలు, 21 ఏండ్లు కాసింది, ఆఖరి నాలుగైదేండ్లు కొమ్మలు ఎండుకుంట వచ్చి ఒక్కొక్క చెట్టే పోయింది. మొన్నటేడు ఎండకాలం జేసీబీ పెట్టి మొత్తం తీయించిన, వానలు పడంగనే అవే పాదులల్ల కొత్త అంటు మొక్కలు పెట్టిన. ఏడాది దాటింది, మొక్క మోకాలు దాటలే. ఆకు చిన్నగ, పాలిపోయి ఉంటది. చావదు, పెరగదు. గట్టు అవతల మా చిన్నాయిన ఎన్నడూ తోట పెట్టని బీడుల అదే నర్సరీ నుంచి అదే బండిల తెచ్చిన మొక్కలు పెట్టిండు, అవి నా నడుము దాకా వచ్చినయి. బోరు ఒకటే, డ్రిప్పు ఒకటే.

మా నాయిన ఒక్కటే మాట అంటడు, "నేల అలిసిపోయింది బిడ్డా, ఇరవై ఏండ్లు పిండుకున్నం, ఇంక దాంట్ల ఏముంటది" అని. మట్టి పరీక్ష చేయిస్తే భాస్వరం, పొటాష్ మంచిగనే ఉన్నయని వచ్చింది. మరి సారం ఉన్నంక అలసట ఎట్ల? ఏం మందు కొట్టాలె అని అడుగుతలేను, ముందుగాల ఏం జరుగుతుందో సమజ్ కావాలె. తెలిసినోళ్ళు చెప్పుర్రి.

సారం_ముఖ్యం
బ్రదర్, నేను 18 ఏళ్ళుగా ఎరువుల షాపు నడుపుతున్నా. మట్టి పరీక్షలో మామూలుగా ఎన్‌పీకే (నత్రజని, భాస్వరం, పొటాష్) చూస్తారు, జింకు, బోరాన్, మాంగనీస్ అడిగితేనే చూస్తారు. బత్తాయి 20 ఏళ్ళు కాసిందంటే జింకు లాగేసి ఉంటుంది, ఆకు చిన్నదై పాలిపోవడం దాని లక్షణమే. సూక్ష్మపోషకాలు స్ప్రే చేసి, పాదుకి 20 కిలోల పశువుల ఎరువు, వేపపిండి వేసి చూడండి. నేల అలసట అంటే ఆకలి, వేరే ఏమీ కాదు.

వేరుకథ
నేను బాపట్ల వైపు వాడిని, ఉద్యానశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. బాబూ, మీ నాన్నగారన్న మాట చాలా పాతది, దాని మీద రెండు వేల ఏళ్ళుగా వాదన నడుస్తూనే ఉంది, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

క్రీస్తుశకం 1వ శతాబ్దంలో రోమన్ సేద్యపు రచయిత కొలుమెల్లా తన పుస్తకం మొదలెట్టడమే ఈ గొడవతో మొదలెట్టాడు. ఆ కాలంలో రోమ్ పెద్దమనుషులు భూమి ముసలిదైపోయింది, పాతకాలంలో పండినట్టు పండటం లేదు అనేవాళ్ళు. ఆయన ఒప్పుకోలేదు, భూమికి ముసలితనం లేదు, మనం చూసుకోక పాడుచేసుకుంటున్నాం, ఎరువు వేస్తే మళ్ళీ పండుతుంది అన్నాడు. అంటే అలసటా, ఆకలా అన్న ప్రశ్న అప్పటికే ఉందన్నమాట.

తర్వాత 1832లో జెనీవా వృక్షశాస్త్రవేత్త ద కాండోల్ ఇంకో మాట చెప్పాడు. మొక్క వేళ్ళ నుంచి కొన్ని పదార్థాలు బయటికి వదులుతుంది, అవి దాని జాతికే విషం, వేరే జాతికి కాదు, అందుకే ఒకే పంట మళ్ళీ మళ్ళీ వేస్తే దెబ్బతింటుంది, పంట మార్పిడి పనిచేయడానికి కారణం కూడా అదే అని. ఆయన అడిగితే మకేర్ అనే ఆయన మొక్కల వేళ్ళను నీళ్ళలో ఉంచి చూశాడు. చిక్కుడు జాతి మొక్కలు ఉంచిన నీళ్ళు రంగు మారాయి, ఆ నీళ్ళలో మళ్ళీ అదే జాతి పెడితే వాడిపోయింది, గోధుమ పెడితే బాగానే వచ్చింది. విన్నవాళ్ళందరికీ నచ్చేసింది. కానీ తర్వాతివాళ్ళు, పీకేటప్పుడు తెగిన వేళ్ళ నుంచి కారిన రసాన్ని మీరు విసర్జన అనుకున్నారు అని తప్పుపట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో డాబెనీ పదేళ్ళపాటు ఒకే మడిలో ఒకే పంట, పక్క మడిలో మార్చి మార్చి వేసి 1845లో ఫలితాలు చెప్పాడు. దిగుబడి తేడా ఉంది కానీ విషం అనుకోవాల్సిన ఆధారం ఆయనకు దొరకలేదు.

ఈ మధ్యలోనే 1840లో జర్మనీలో లీబిగ్ వచ్చాడు. మొక్క నేల నుంచి తీసుకునేది ఖనిజాలు, అవి తీసినంత తిరిగి వేయాలి, తక్కువైన ఒక్కదానితోనే పంట ఆగిపోతుంది. మన ఎరువుల షాపుల వెనక ఉన్న ఆలోచన ఇదే. ఒక సంగతి మాత్రం చాలామందికి తెలియదు, లీబిగ్ కూడా ఆ మొదటి పుస్తకంలో పంట మార్పిడి దగ్గరికి వచ్చేసరికి ద కాండోల్ విషం మాటనే మెచ్చుకున్నాడు. తర్వాత వదిలేశాడు. ఆ తర్వాత చాలా దశాబ్దాలు నేల అలసట అంటే ఆకలి అనే అర్థమే నిలబడిపోయింది.

కోడూరు_చంద్ర
సార్ రాసింది చదివితే మా జేజినాయన గుర్తొచ్చినాడు. మాది రైల్వే కోడూరు పక్క, మామిడి, బత్తాయి, నిమ్మ అన్నీ చూసినోళ్ళం. ఆయన తోట తీసేస్తే రెండేండ్లు వేరుశనగ, మూడో ఏడు రాగి వేసేటోడు, ఆ తర్వాత గుంతలు కొట్టేటప్పుడు కూడా పాత గుంత మీద కొత్త గుంత రానిచ్చేటోడు కాదు, రెండు పాత గుంతల నడిమధ్యన కొట్టించేటోడు. ఎందుకు తాతా అంటే "పాత చెట్టు వేరు ఇంకా లోపలుందిరా, కొత్తదాన్ని బతకనీదు" అనేటోడు. మేం చిన్నపిల్లోళ్ళం, దయ్యం కథ మాదిరి వినేటోళ్ళం. బత్తాయి బిడ్డ అన్నా, నువ్వు పాత పాదుల్లోనే పెట్టినానంటివే, నాకు అదే అనుమానంగా ఉండాది.

సారం_ముఖ్యం
తాతల మాట మీద గౌరవం ఉంది. కానీ సార్, ఇంగ్లండ్‌లో రోథామ్‌స్టెడ్‌లో 1843 నుంచి ఒకే చేలో గోధుమ మీద గోధుమ వేస్తున్నారు కదా, ఎరువు వేసిన మడి ఇప్పటికీ పండుతోంది, ఎరువు వేయని మడి తక్కువ పండుతోంది. ఇంతకంటే రుజువు ఏం కావాలి? వేరులో విషం, దయ్యం ఏమీ లేవు.

వేరుకథ
మీరు చెప్పింది అక్షరాలా నిజం, ఆ చేను పేరు బ్రాడ్‌బాక్. అయితే ఆ ఊళ్ళోనే, ఆ మనుషులే చేసిన ఇంకో ప్రయోగం ఉంది, అది ఎవరూ చెప్పరు. లాస్, గిల్బర్ట్ ఇద్దరూ గోధుమలాగే ఎర్ర క్లోవర్ కూడా ఏటేటా వేసి చూశారు. క్లోవర్ అంటే మన పిల్లిపెసర లాంటి పశుగ్రాసం అనుకోండి. రెండు మూడేళ్ళకే చచ్చిపోయింది. పొటాష్ వేశారు, భాస్వరం వేశారు, సున్నం, పేడ ఎరువు అన్నీ వేశారు, నిలబడలేదు. రైతులు దానికి "క్లోవర్ జబ్బు" అని పేరు పెట్టుకున్నారు. అదే విత్తనం 1854లో అక్కడి పాత పెరటి తోట మట్టిలో వేస్తే ఏళ్ళ తరబడి పెరిగింది. గోధుమ ఆకలి తీరిస్తే చాలంది, క్లోవర్ ఎంత పెట్టినా నిలవలేదు. ఆ జబ్బు వెనక నులిపురుగులు (మొక్కలను తినే, నేలలో ఉండే సన్న పురుగులు), ఒక శిలీంధ్రం ఉన్నాయని తర్వాత తేలింది.

జర్మనీలో చక్కెర దుంప కథ ఇంకా స్పష్టం. ఫ్యాక్టరీల చుట్టూ ఏటా దుంప వేసి వేసి నేల "దుంపకు అలసిపోయింది" అన్నారు, వాళ్ళ భాషలో కూడా అలసట అనే మాటే వాడారు, మీ నాన్నగారి మాటే. పొటాష్ అయిపోయిందని బస్తాలకు బస్తాలు పోశారు. 1859లో షాఖ్ట్ అనే ఆయన దుంప వేళ్ళ మీద ఆవగింజకంటే చిన్న తెల్లటి తిత్తులు చూశాడు, నులిపురుగులు. 1871లో దానికి ఆయన పేరే పెట్టారు. హాలే ఊరి ప్రొఫెసర్ కున్ ఏళ్ళపాటు పనిచేసి తేల్చాడు, నేలలో సారం ఉంది, తినేవాడు వేరే ఉన్నాడు అని.

ఇక మన తోటల విషయానికి దగ్గరిది ద్రాక్ష. యూరప్ ద్రాక్షతోటల్లో పాత తీగలు పీకాక ఏళ్ళ తరబడి నేలకు విశ్రాంతి ఇచ్చి, లూసర్న్ గడ్డి పెంచి, అప్పుడే మళ్ళీ నాటేవాళ్ళు. ఆల్సాస్‌లో ఓబర్లిన్ అనే ద్రాక్షరైతు వేళ్ళ పేనుబంక కోసం నేలలోకి కార్బన్ డైసల్ఫైడ్ ఎక్కించాడు. పురుగు చావడం సరే, మందు ఎక్కించిన చోట విశ్రాంతి లేకుండానే కొత్త తీగ ఏపుగా వచ్చింది. ఆ మందులో ఎరువు గుణం లేదు. 1894లో ఆయన అది రాశాడు. ఎరువు ఒక్క గింజ వేయకుండా, ఊరికే నేలలో ప్రాణులను చంపితే అలసట పోయిందంటే, ఆ అలసట ఆకలి ఎలా అవుతుంది? నేను క్లాసులో ఈ ప్రశ్న అడిగి ఆపేసేవాణ్ణి, పిల్లలు కాసేపు ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

లక్ష్మి_అగ్రి
సర్ నేను బీఎస్సీ అగ్రికల్చర్ మూడో సంవత్సరం. మాకు అల్లెలోపతి, అంటే ఒక మొక్క వదిలే పదార్థం ఇంకో మొక్కను దెబ్బతీయడం, ఒక చిన్న పేరాలో చెప్పి వదిలేశారు, వాల్‌నట్ చెట్టు కింద టమాటా బతకదు అని అంతే. మరి ద కాండోల్ చెప్పిన విషం పూర్తిగా తప్పేనా? చంద్ర గారి తాతగారు చెప్పింది కూడా అదే కదా, పాత వేరు కొత్తదాన్ని బతకనీదు అని.

వేరుకథ
అమ్మా, తప్పు అని కొట్టేశారు, మళ్ళీ వెనక్కి వచ్చింది.

ఇంగ్లండ్‌లో వోబర్న్ పండ్లతోట 1894లో మొదలైంది, బెడ్‌ఫర్డ్ డ్యూక్, పికరింగ్ కలిసి పెట్టారు. ఆపిల్ చెట్టు కింద గడ్డి పెరిగితే చెట్టు ఎందుకు కుంగిపోతుందని పికరింగ్ ఏళ్ళ తరబడి చూశాడు. నీళ్ళు, ఎరువు గడ్డి లాక్కుంటోందేమో అని, గడ్డిని వేరే తట్టల్లో పెంచి ఆ తట్టలను చెట్టు మొదట్లో పెట్టాడు. గడ్డి వేరు నేలను తాకదు, తట్టలోంచి కారిన నీళ్ళు మాత్రమే కిందికి పోతాయి. అయినా చెట్టు కుంగింది. ఆయన విషం అన్నాడు, చాలామంది నమ్మలేదు, కానీ ఆ తట్టల ప్రయోగం గుర్తుండిపోయింది.

అసలు మలుపు పీచ్ పండుతో వచ్చింది. కాలిఫోర్నియాలో పీచ్ తీసి పీచ్ నాటితే మొక్క కుంగిపోయేది, మన బత్తాయి బిడ్డ చెప్పినట్టే. 1941లో ప్రోబ్‌స్టింగ్, గిల్‌మోర్ ఏం చేశారంటే ఎన్నడూ పీచ్ చూడని మట్టి తీసుకుని దాంట్లో పాత పీచ్ వేళ్ళ ముక్కలు కలిపి మొలకలు పెట్టారు. మొలక కుంగింది. వేరు పైబెరడు ఒక్కటే వేస్తే ఇంకా కుంగింది, లోపలి చెక్క వేస్తే పెద్దగా ఏమీ కాలేదు. బెరడులో అమిగ్డలిన్ అనే పదార్థం ఉంది, చేదు బాదం గింజలో ఉండేదే. అది ఊరికే ఉంటే ఏమీ చేయదు, విరిగితే సైనైడ్ వస్తుంది. విరగ్గొట్టేది ఎవరు? 1955లో కెనడాలో ఒంటారియోలో పాట్రిక్ చూపించాడు, నేలలో సూక్ష్మజీవులు. అక్కడే మౌంటెన్ తన ప్రయోగాల్లో వేరు కొరికే నులిపురుగును పట్టుకున్నాడు, అది వేరులో దూరినచోట కూడా ఈ పదార్థం విరిగి కణం చస్తుందని ఇద్దరూ కలిసి చెప్పారు. చూశావా, విషం అన్నవాళ్ళు, పురుగు అన్నవాళ్ళు నూరేళ్ళు కొట్టుకుంటే చివరికి ఒకే వేరు మీద ఇద్దరూ కనిపించారు. తాతగారు చెప్పిన "పాత చెట్టు వేరు ఇంకా లోపలుంది" అనే మాట పీచ్ విషయంలో దాదాపు ఉన్నదున్నట్టు నిజం.

వెనాచీ_నుంచి
సర్, ఈ థ్రెడ్ చూసి లాగిన్ అయ్యాను, నాలుగేళ్ళ తర్వాత ఇదే మొదటి పోస్టు. నాది ఏలూరు, ఇప్పుడు వాషింగ్టన్ రాష్ట్రంలో ఆపిల్ తోటలు ఉండే లోయలో మట్టి శాంపిళ్ళు తీసే పని చేస్తున్నాను, రోజూ చూసేది ఇదే జబ్బు.

ఆపిల్ సంగతి చెప్తాను. 1966లో ఇంగ్లండ్‌లో ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రం నుంచి సేవరీ అప్పటిదాకా తెలిసినదంతా ఒక చోట చేర్చాడు, ఆపిల్ మీద ఆపిల్ కుంగుతుంది, చెర్రీ మీద చెర్రీ కుంగుతుంది, దాని మీద ఇది పెడితే మాత్రం పెద్దగా ఏమీ కాదు అని. కుంగిన మొక్కను పీకి కొత్త మట్టిలో పెడితే తేరుకుంటుంది, ఇది చాలా ముఖ్యం, అంటే రోగం మొక్క లోపల కూర్చుని లేదు, మట్టిలో ఉంది. 1968లో హాలండ్‌లో హూస్ట్రా మట్టిని వేడిచేస్తే జబ్బు పోతుందని చూపించాడు. ఎరువు వేడికి పోదు కదా, ప్రాణం ఉన్నదే పోతుంది.

కానీ ఆ ప్రాణి ఏది అన్నది తేలడానికి ఇంకో 30 ఏళ్ళు పట్టింది. ఇక్కడ మజోలా అనే శాస్త్రవేత్త 1998లో వాషింగ్టన్ తోటల్లో చూసి చెప్పింది ఏంటంటే ఒకటి కాదు, ఒక గుంపు. రైజోక్టోనియా, పిథియం, ఫైటోఫ్తోరా, సిలిండ్రోకార్పాన్ అనే వేరు కుళ్ళించే బూజులాంటి జీవులు, కొన్ని చోట్ల వేరు కొరికే నులిపురుగు. తోట తోటకీ వీటి పాళ్ళు మారతాయి. ముందువాళ్ళు ఒక్క దొంగ కోసం వెతికారు కాబట్టి దొరకలేదు.

ఇంకోటి, ఇక్కడ పాత తోటల్లో వేరే గొడవ కూడా ఉంది. డీడీటీ రాకముందు ఆపిల్ పురుగుకి దశాబ్దాలపాటు లెడ్ ఆర్సినేట్ కొట్టారు, ఆ ఆర్సెనిక్, సీసం ఇప్పటికీ పై మట్టిలో ఉన్నాయి. పాత ఆపిల్ నేలలో ఆప్రికాట్, పీచ్ పెడితే కుంగడానికి అది ఒక కారణం అయింది. దాన్ని వేడి చేసినా, మందు వేసినా పోదు. కాబట్టి అలసట అనే ఒకే మాట కింద నాలుగైదు వేరు వేరు సంగతులు దాక్కుని ఉన్నాయి.

నేను మొదటిసారి కుంగిన ఆపిల్ మొక్క పీకిన రోజు గుర్తుంది. పైన చూస్తే నీళ్ళు తక్కువైన మొక్కలా ఉంది అంతే. వేరు కడిగితే లావు వేళ్ళు ఉన్నాయి, జుట్టులాంటి సన్న వేళ్ళు లేవు, ఉన్న నాలుగూ గోధుమరంగుకి తిరిగి గోరుతో లాగితే పైతొక్క ఊడి లోపలి దారం మిగిలింది. పక్క వరుసలో, పాత తోటలో ట్రాక్టరు తిరిగిన గడ్డి బాటలో పెట్టిన మొక్క పీకితే తెల్లటి పీచు గుత్తి. మధ్య దూరం ఆరడుగులు ఉంటుందేమో.

బత్తాయి_బిడ్డ
ఆరడుగులే! సారూ, అన్నా, నాకు ఒళ్ళు జలదరించింది ఇది చదివితే. మా చిన్నాయిన మొక్కకూ నా మొక్కకూ మధ్యల గట్టు ఒక్కటే. మరి మందు పెడితే పోతదా? ఓబర్లిన్ లెక్క?

వెనాచీ_నుంచి
పోతుంది, కొన్నాళ్ళకి. కానీ ఆ దారి ఎటు పోయిందో కూడా తెలుసుకోండి అన్నా. 1943లో హవాయిలో అనాస తోటల్లో కార్టర్ డీ-డీ అనే మందు పనిచేస్తుందని చూపించాక, పండ్లతోటలకి నేలలోకి గ్యాస్ ఎక్కించడం మామూలైపోయింది. తర్వాత డీబీసీపీ అనే ఇంకో మందు వచ్చింది, నులిపురుగుకి బాగా పనిచేసింది, 1977లో కాలిఫోర్నియాలో అది తయారుచేసే ఫ్యాక్టరీ మగ పనివాళ్ళకి సంతాన సామర్థ్యం పోయిందని బయటపడింది, 1979లో అమెరికాలో దాదాపు అన్ని వాడకాలూ ఆపేశారు. మిథైల్ బ్రోమైడ్ అనే గ్యాస్ అన్నిటికంటే గట్టిది, అది ఓజోన్ పొరని తింటుందని 1992లో మాంట్రియల్ ఒప్పందంలో చేర్చారు, తర్వాత ధనిక దేశాలు 2005కి, మనలాంటి దేశాలు 2015కి మామూలు వాడకం మానేయాలన్నారు. చంపితే మంచివీ చెడ్డవీ కలిసి చస్తాయి, తర్వాత ఖాళీ నేలలోకి ముందు వచ్చేది చాలాసార్లు చెడ్డదే. అందుకే ఇప్పుడు ఇక్కడ చూపు మారింది, తట్టుకునే జెనీవా రూట్‌స్టాకులు (అంటు కట్టే వేరు మొక్కలు, ఈ జెనీవా న్యూయార్క్ రాష్ట్రంలోది), నాటే ముందు ఆవచెక్క (నూనె తీసిన ఆవాల పిండి) కలపడం, కొన్ని రకాల గోధుమ వేసి మంచి బ్యాక్టీరియాని పెంచడం, వరుస జరపడం. గ్యాస్ ఇంకా వాడేవాళ్ళు ఉన్నారు, కానీ మా నాన్న చేలో అయితే నేను ఒప్పుకోను.

సిమ్లా_కొండ
ఇక్కడ హిమాచల్‌లో ఉద్యోగం చేస్తున్నా. కోట్‌గఢ్ దగ్గర 1916లో స్టోక్స్ గారు అమెరికా ఆపిల్ మొక్కలు తెచ్చి పెట్టారు, అక్కడి నుంచే ఈ కొండలన్నీ ఆపిల్ అయ్యాయి. ఇప్పుడు తాతలు పెట్టిన చెట్లు తీసి మనవళ్ళు కొత్తవి పెడుతుంటే ఇదే బాధ. కొండ మీద జరపడానికి జాగా ఏది? మెట్టు పొలం, గుంత పక్కన గుంతే. మా ఇంటి ఓనరు పాత గుంతలో మట్టి మొత్తం తీయించి అడవి అంచు నుంచి గంపలతో మట్టి మోయించి నింపాడు, ఒక్కో గుంతకి ఎన్ని గంపలు పట్టాయో లెక్కపెట్టలేక మానేశాను.

బత్తాయి_బిడ్డ
అన్నీ ఆపిల్, పీచ్ ముచ్చట్లే, మరి బత్తాయికి? నా తోటల ఇదే ఉన్నదని ఎట్ల తెలుసుకోవాలె?

వేరుకథ
బత్తాయి జాతికి కూడా కథ ఉంది. 1912లో కాలిఫోర్నియాలో నిమ్మజాతి వేళ్ళ మీద ఒక నులిపురుగు దొరికింది, మరుసటి ఏడు కాబ్ దానికి పేరు పెట్టాడు. తల వేరులో పాతుకుని, తోక బయట పెట్టి, జిగురులో గుడ్లు పెడుతుంది. ఆ జిగురుకి మట్టి అంటుకుంటుంది, అందుకని వేరు ఎంత కడిగినా మురికిగానే కనిపిస్తుంది. చెట్టును చంపదు, మెల్లమెల్లగా కుంగదీస్తుంది. పాత నారింజ నేలలో నారింజ మళ్ళీ పెడితే ఎందుకు కుంగుతోందని రివర్‌సైడ్‌లో మార్టిన్, బెయిన్స్ లాంటివాళ్ళు చాలా ఏళ్ళు చూశారు, అక్కడ కూడా ఈ పురుగు, దాంతోపాటు ఫ్యుసేరియం లాంటి శిలీంధ్రాలు కనిపించాయి.

మన దగ్గర పాత బత్తాయి తోటలు పోవడానికి ఎండుకుళ్ళు, బంక తెగులు పెద్ద కారణాలు, మీ తోట చివరి ఏళ్ళ గురించి మీరు చెప్పింది ఎండుకుళ్ళులా వినిపిస్తోంది. అది తెచ్చే శిలీంధ్రాలు చెట్టు తీసినంత మాత్రాన పోవు, వేరు ముక్కల్లో ఉంటాయి. జంబేరి వేరు మీద కట్టిన అంటు దానికి తొందరగా లొంగుతుంది కాబట్టే మన వైపు రంగపూర్ నిమ్మ వేరు మీద కట్టినవి తీసుకోమంటారు. అయితే రంగపూర్ నులిపురుగుని ఆపలేదు. ట్రైఫోలియేట్ అనే మూడాకుల నారింజ వేరు ఆపుతుంది కానీ సున్నం ఎక్కువున్న నేలల్లో అది నిలవదు. అన్నిటికీ పనికొచ్చే వేరు ఒకటి లేదు.

తెలుసుకోవడానికి హూస్ట్రా పద్ధతే చేయండి, ఖర్చు లేదు. పాత పాదులో అడుగు లోతు మట్టి తీసుకోండి. సగం మట్టిని తడిపి, పెద్ద ఇడ్లీ పాత్ర లాంటి దాంట్లో ఆవిరి మీద అరగంట ఉంచండి, మట్టి మధ్యలో కూడా చెయ్యి పెట్టలేనంత వేడి రావాలి, మాడిపోకూడదు. చల్లార్చి పది రోజులు వదిలేయండి. తర్వాత ఒకే ఎత్తు నిమ్మ మొలకలు, ఒకే సైజు కుండీలు, సగం ఆవిరి మట్టి, సగం మామూలు మట్టి. గట్టు అవతల బీడు మట్టి కూడా పెట్టండి.

సారం_ముఖ్యం
ఇంకో వరుస పెట్టండి బ్రదర్. పాత మట్టి, ఆవిరి లేకుండా, కానీ జింకు సహా పూర్తి ఎరువుతో. నా మాట తప్పయితే అక్కడే తేలిపోతుంది. నేను ఇన్నేళ్ళు ఇదే చెప్పి అమ్మాను, నాకూ తెలియాలి.

వేరుకథ
ఇది చాలా మంచి మాట, నాకు తట్టలేదు. తప్పకుండా పెట్టండి.

బత్తాయి_బిడ్డ
మూడు నెలలైంది, మళ్ళీ వచ్చిన. లేటయింది, మన్నించుర్రి.

ఒక్కో రకం 6 కుండీలు, మొత్తం 24 పెట్టిన. మా అమ్మ ఆవిరి పెట్టుడుకు పాత గుండిగ ఇచ్చింది, మట్టి ఉడకబెడుతున్నమని ఊళ్ళె పిలగాండ్లు చూడవచ్చిన్రు. మామిడిచెట్టు నీడకు పెట్టి నేనే నీళ్ళు పోసిన, ఎవ్వర్ని ముట్టనియ్యలే. నిన్న పొద్దుగాల టేపు పెట్టి కొలిచిన. పాత పాదు మట్టి, ఏం చేయనిది, ఆరు మొక్కలు జానెడు కూడ లేవు. ఎరువు, జింకు వేసినయి ఆకు పచ్చగైంది, షాపు అన్న చెప్పింది ఆడిదాక నిజమే, కానీ ఎత్తు రెండు వేళ్ళు కూడ తేడా లేదు. ఆవిరి పెట్టిన మట్టివి దాదాపు రెండింతలున్నయి. బీడు మట్టివి వాటికి సమానం.

తర్వాత ఒక్కొక్కటి పీకి బకెట్ల కడిగిన. ఆవిరి మట్టి వేరు తెల్లగ, పీచు పీచు. పాత మట్టి వేరు మూడు నీళ్ళు మార్చి కడిగినా ఇసుక అంటుకునే ఉన్నది, సారు చెప్పినట్టే, బొటనవేలుతో రుద్దితే సన్న వేరు తెగి చేతుల్లకొచ్చింది. మా నాయినను పిలిచి రెండూ చేతుల పెట్టిన. చాలాసేపు చూసిండు. "నేల కాదురా, మన చెట్టే విడిచిపెట్టి పోయింది ఇది" అన్నడు. ఇరవై ఏండ్లు ఆ తోట మీదనే నన్ను చదివిచ్చిండు, ఆ చెట్లు తీసేసిన్నాడు కూడ ఆయన చేను మొఖం చూడలే.

సారం_ముఖ్యం
ఆకు పచ్చబడింది, ఎత్తు రాలేదు. అర్థమైంది బ్రదర్. ఇక నుంచి పాత తోట తీసినవాళ్ళు మా షాపుకి వస్తే ముందు ఈ కుండీల పరీక్ష చెప్తాను, తర్వాతే ఎరువు.

కోడూరు_చంద్ర
అన్నా ఇప్పుడేం చేస్తావు? ఆ మొక్కలు అట్లే పెట్టుకుంటావా?

బత్తాయి_బిడ్డ
వేరు, మట్టి రెండూ ల్యాబుకు ఇచ్చిన, నులిపురుగులు మస్తున్నయని రాసిచ్చిన్రు, శిలీంధ్రం రిపోర్టు ఇంకా రాలే. 3 ఎకరాల మొక్కలు తీసేస్తున్న. రెండేండ్లు జొన్న, జనుము, నడుమ ఎండకాలంల దున్ని తడిపి ప్లాస్టిక్ షీటు కప్పుత, ఇజ్రాయెల్ల 1976ల కటాన్ మొదలుపెట్టిన పద్ధతట, లక్ష్మి చెల్లె మెసేజ్ పెట్టింది. మా దగ్గర ఎండకు కొదవ లేదు. మిగిలిన ఎకరంల ఇప్పుడే నాలుగు వరుసలు జరిపి, పాత పాదుల నడిమిట్ల రంగపూర్ వేరు మీద కట్టిన మొక్కలు పెడుత, రెండు వరుసలకు ఆవచెక్క, రెండు వరుసలకు ఏం వేయ.

వెనాచీ అన్నా, ఆవచెక్క వేసినంక మొక్క పెట్టుడుకు ఎన్ని రోజులు ఆగాలె?

వెనాచీ_నుంచి
తొందరపడొద్దు అన్నా, ఆవచెక్క ఘాటు కొత్త వేరుని కూడా కాలుస్తుంది. ఇక్కడ ఆపిల్‌కి ఎక్కువగా ఆకులు రాలే కాలంలో కలిపి, చలికాలమంతా వదిలేసి, వసంతంలో నాటుతారు. బత్తాయికి మీ నేలలో ఎంత అన్నది ముందు నాలుగు కుండీల్లోనే చూడండి. గుండిగ ఇంకా అమ్మగారు తీసేసుకోలేదు కదా?

బత్తాయి_బిడ్డ
లేదన్నా, కొట్టంలనే ఉన్నది. రేపే మట్టి తీస్త.